పరిమాణం లేని అయాన్లు, అమ్మ ఓళిగలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కుప్పంలో పరిశోధన చేసేదాన్ని. విద్యుత్తు ఎక్కించిన లోహపు రేకును ఉప్పునీటిలో ముంచితే, నీటిలోని అయాన్లు దాని పక్కన ఎలా గుమిగూడతాయో, అక్కడ ఎంత విద్యుత్తు నిలవ ఉంటుందో కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని. చెయ్యి తడవకుండా నీళ్ళ మీద పరిశోధన చేస్తున్నానని కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ ఏటి సెమినార్ గట్టెక్కితేనే పని ముందుకు సాగుతుంది. వద్దన్నా వినకుండా మదనపల్లె నుంచి అమ్మ వచ్చింది, డబ్బా నిండా ఓళిగలతో, అదే బొబ్బట్లతో. ఇంగ్లీషు ముక్క రాకపోయినా వెనక బెంచీలో కూర్చుంది.

నిలవ ఉండే విద్యుత్తును చూపే నా గీత తెరమీద ఆకాశానికి ఎక్కుతుంటే, బయటి ఊరి ప్రొఫెసర్ ఒకాయన చెయ్యెత్తాడు. రేకు పక్కన నేను చూపించిన అయాన్లన్నీ అసలు ఆ జాగాలో పడతాయా అని అడిగాడు. అప్పుడు గానీ నాకు వెలగలేదు. లెక్క సులువవుతుందని ప్రతి అయాన్నీ చుక్కగా తీసుకున్నాను. చుక్కకు పరిమాణం ఉండదు గనక ఎన్నయినా కూరేశాను. వాటికీ ఒళ్ళుంటుందని ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. గదంతా గొల్లున నవ్వింది. మళ్ళీ చేసుకుని రమ్మన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

డబ్బా దాచేద్దామనుకునేలోపే అమ్మ పంచడం మొదలుపెట్టింది. మొదటి ఓళిగ ఆ ప్రొఫెసర్‌కే. ఆయన లొట్టలేసుకుంటూ తిని ఇంకొకటి అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అమ్మతో ఊరికి వెళ్ళే బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పుంగనూరులో ఆగినప్పుడు అమ్మ టీ తెచ్చిచ్చింది గానీ ఏమీ అడగలేదు. అమ్మకేమీ అర్థం కాలేదులే, అదే నయం అనుకున్నాను.

మదనపల్లెలో మా వీధిలోకి రాగానే పక్కింటావిడ ఎలా జరిగిందని అడిగింది. అమ్మ తడుముకోలేదు.

"అందరికంటే మా పాపనే ఎక్కువ ప్రశ్నలు అడిగిరి."

ఆవిడ నన్ను తెగ మెచ్చుకుంది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపలికి వచ్చాక, జరిగింది అది కాదని అమ్మకు చెప్పబోయాను. అమ్మ డబ్బా మూత తీస్తూ తలెత్తలేదు.

"వాళ్ళు నవ్వింది నాకూ ఇనబడిందిలే పాపా. నోట్లో తీపి పడితే ఇంకోసారి నిన్ను నిలబెట్టి నవ్వరేమోనని పంచితిని."

డబ్బా అడుగున ఒకటి నాకని దాచింది.