వెనక సీటులో మా ఆవిడ

నాకు నోరెక్కువ. ఈ దోషం నేను ఎప్పుడూ ఒప్పుకుంటాను, ఒప్పుకుంటూనే లోలోపల కాస్త మురిసిపోతాను కూడా. మాది పాత సోఫాలు, కుర్చీలు బాగుచేసే షాపు. ముందు గదిలో నేను, వెనక గదిలో మా ఆవిడ. చిరిగిన గుడ్డ పీకడం, స్ప్రింగులు బిగించడం, స్పాంజి కోయడం నా పని. కవర్లు కుట్టడం తన పని. వచ్చినవాళ్ళతో మాట్లాడేది మాత్రం నేనొక్కడినే. ఒక్క కుర్చీ బాగుచేయించుకుందామని వచ్చిన మనిషి నా మాటల్లో పడి ఇంట్లో ఉన్న సోఫా సెట్టంతా పంపించేవాడు. కాబట్టి ఇరవై ఏడేళ్ళుగా షాపు నడుపుతున్నది నేనేనని నా నమ్మకం.

ఆవిడది కాలితో తొక్కే మిషను. మోటారు పెట్టిస్తానంటే వద్దంది. మందపాటి రెక్సిన్ నాలుగు మడతలు కలిసేచోట మోటారు దూకేస్తుందట, కాలైతే చెప్పినట్టు వింటుందట. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే భోజనానికి లేస్తుంది, మళ్ళీ కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవదు. మా పెళ్ళి కుదిరిన రోజున మా అత్తగారు, "మా పిల్ల మాట్లాడదు బాబూ, అదొక్కటే లోటు" అంది. "ఫర్లేదండీ, ఆ లోటు నేను పూడుస్తా" అన్నాను. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. అప్పట్నించీ నేను జనాన్ని నవ్విస్తూనే ఉన్నాను.

సోఫాల సందుల్లో ఏవేవో దొరుకుతుంటాయి. దువ్వెనలు, తాళంచెవులు, కొరికిన పెన్సిళ్ళు. మూడేళ్ళ కిందట ఒక సోఫా విప్పుతుంటే మడతపెట్టిన రంగుల కాగితం దొరికింది. కొండల మధ్య లోయల వెంట ఐదురోజులు తాపీగా సైకిళ్ళు తొక్కుకుంటూ వెళ్ళి ఒక సరస్సు దగ్గర ఆగే యాత్ర గురించిన ప్రకటన అది. సామాన్లు వ్యానులో వస్తాయి, రాత్రికి దారిలో బస. ఆవిడ ఆ కాగితాన్ని మిషను ఎదురుగా గోడకి అంటించుకుంది. మూడేళ్ళలో దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఈ ఏడు మా అమ్మాయి వచ్చి గోడ చూసి, "అమ్మ ఏం కోరుకుంటోందో నీకు తెలీట్లేదా నాన్నా?" అని నన్ను నాలుగు దులిపి, మమ్మల్ని అడక్కుండానే ఇద్దరి పేర్లూ రాయించేసింది.

మా ఆవిడకి సైకిలు రాదు. అందుకని మాకు జంట సైకిలు ఇచ్చారు. ముందు ఒక సీటు, వెనక ఒక సీటు, ఇద్దరికీ చెరో జత పెడళ్ళు. ఇద్దరివీ ఒకే గొలుసుకి కట్టేసి ఉంటాయి గనక ఒకళ్ళవి తిరిగితే రెండోవాళ్ళవీ తిరుగుతాయి. కాళ్ళు ఊరికే పెట్టుకుని కూర్చున్నా తొక్కుతున్నట్టే కనబడుతుంది. ముందున్నవాడికి వెనక మనిషి కనబడదు. మా షాపు ఎదురుగా తాళాలు చేసే ఆయన రెండు వారాలపాటు సాయంత్రాలు వెంట పరిగెత్తి మాకు నేర్పాడు. "వదినగారు చెప్పిన మాట వింటున్నారు గానీ, నువ్వే వంకరటింకరగా పోనిస్తున్నావు" అని నా మీద కేకలేసేవాడు.

యాత్రలో మేము ఐదుగురం. మేమిద్దరం, ఒక పళ్ళ డాక్టరు, ఆయన భార్య, రిటైరైన ఒక లెక్కల టీచరమ్మ. వ్యాను నడపడమూ సైకిళ్ళు చూడటమూ ఒకే పెద్దాయన పని. ఆయన్ని అందరూ మేస్త్రీ అనేవాళ్ళు.

మొదటిరోజు ఏటి పక్కన చదునైన దారి. గాలి చల్లగా ఉంది, కొండలు రెండువైపులా దూరంగా నిలబడి ఉన్నాయి. మధ్యాహ్నం చెట్ల కింద రొట్టెలు విప్పుకుని కూర్చున్నాం. కొత్త మనుషులు, నాకు నోరు దురద. "సామానంతా వ్యానులో వెయ్యమన్నారు. వేశాను. ఒక్క లగేజీ మాత్రం నా సైకిలు వెనకే ఉండిపోయింది" అని మా ఆవిడ వైపు చూపించాను. డాక్టరు పొలమారేదాకా నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. ఎందుకంటే పెదవులతో నవ్వుతూనే, తింటున్న రొట్టె ముక్కని కాగితంలో పెట్టి మళ్ళీ కట్టేసింది.

రెండోరోజు పొద్దున డాక్టరు టీ కప్పు పట్టుకుని ఎదురొచ్చి, "ఏం లగేజీ గారూ, నిద్ర పట్టిందా?" అన్నాడు. "పట్టిందండీ" అంది. డాక్టరు మంచివాడే. నేను నేర్పిన మాట ఆయన అన్నాడు, అంతే. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ రోజంతా తోటల మధ్య దారి. ఆగిన ప్రతిచోటా నా కబుర్లు ఆగలేదు. "వెనక సీటులో కునికిపాట్లు పడుతోందేమో చూడండి టీచరమ్మగారూ" అంటే, టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని నా వంక చూసిందే తప్ప నవ్వలేదు. లెక్కల మనిషి కదా, సరదా తక్కువ అనుకున్నాను.

మూడోరోజు సంగతి చెప్పడానికే నాకు మొహం చెల్లడం లేదు. ఆ రోజు ఒక లోయ దాటి ఇంకో లోయలోకి పోవాలి. పన్నెండు కిలోమీటర్లు ఎక్కుడే. మూడో మలుపు దగ్గర నా కుడి పిక్క పట్టేసింది. ఆపుదామంటే వెనక డాక్టరుగారు వస్తున్నారు, పరువు పోతుంది. ఆ మలుపు దాటేదాకా అనుకుని కాళ్ళు వదులుగా పెట్టేశాను. సైకిలు ఆగిపోతుందనుకున్నా. ఆగలేదు. కాస్త నెమ్మదించింది, అంతే. నా కాళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి, రాళ్ళు వెనక్కి పోతున్నాయి, వెనక ఊపిరి చప్పుడు మాత్రం గట్టిగా వినబడుతోంది.

అప్పుడే నాకు అర్థం కావాలి. అర్థమయింది కూడా. తెలీక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. పిక్క సర్దుకున్నాక మళ్ళీ తొక్కాను, తరవాతి మలుపులో మళ్ళీ వదిలేశాను. హాయిగా ఉంది. అలా ఆ పన్నెండు కిలోమీటర్లలో సగం నేను చేతులతో హ్యాండిలు పట్టుకుని కొండలు చూస్తూ వచ్చాను. మధ్యమధ్య, "కాస్త కాలు ఆడించు, ఒక్కణ్ణీ ఎంతకని లాగను!" అని అందరికీ వినబడేలా అరిచాను కూడా.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర లగేజీ కథ మళ్ళీ మొదలెట్టింది ఎవరో కాదు, నేనే. కొండ మీదికి ఇద్దరి బరువు ఒక్కణ్ణీ ఎలా లాక్కొచ్చానో అభినయించి మరీ చూపించాను. డాక్టరు బల్ల చరిచాడు. మా ఆవిడ సూపు గిన్నెలో చెంచా తిప్పుతూ కూర్చుంది.

నాలుగోరోజు పొద్దున ఆవిడ మంచం అంచున కూర్చుని మోకాలికి తడిగుడ్డ చుట్టుకుంటోంది. మోకాలు బన్నులా ఉబ్బింది.

"ఎప్పట్నించి?"

"నిన్నట్నించి."

"మరి చెప్పొద్దూ?"

"చెబితే దాన్ని కూడా చెప్పి నవ్విస్తారుగా" అంది. కోపంగా కాదు, మామూలుగానే. "ఇవాళ నేను వ్యానులో వస్తాను. మీరు వెళ్ళండి."

నాకు సిగ్గు వెయ్యాలి కదా? ఒళ్ళు మండింది. ఎంత మాట అనేసింది అనుకున్నాను. పోనీ, ఇవాళ బరువు దిగింది, ఎగిరిపోతాను, అప్పుడు తెలుస్తుంది ఎవరి సత్తా ఏమిటో అనుకుంటూ బయల్దేరాను.

ఆ రోజు ఎక్కుడు ముందురోజంత లేదు, ఐదు కిలోమీటర్లే. మొదటి కిలోమీటరులోనే నాకు చుక్కలు కనబడ్డాయి. అంత పొడుగు సైకిలు, వెనక ఖాళీ సీటు, దాని కింద ఎవరి కాళ్ళూ లేకుండా గిరగిరా తిరుగుతున్న పెడళ్ళు. ఎంత తొక్కినా కదలదు. రెండో కిలోమీటరు రాయి దగ్గర దిగిపోయి, కారిపోతున్న చెమటతో తోసుకుంటూ నడిచాను. డాక్టరు దంపతులు పక్కనించి పోతూ, "ఏంటి మాస్టారూ, లగేజీ దిగిపోయిందిగా, గాల్లో తేలాలే!" అన్నారు.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. "గేరు పాడైందండీ" అన్నాను.

ఆడిన అబద్ధం ఊరికే పోతుందా? బసకి చేరాక డాక్టరుగారే మేస్త్రీని పిలిచి, "పాపం, ఈయన గేరు చూడండి" అన్నారు. మేస్త్రీ సైకిలుని వ్యాను పక్కకి తీసుకెళ్ళి, చక్రం ఎత్తి తిప్పి, గేర్లన్నీ వేసి చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడ్డాను. ఆయన చేతులు తుడుచుకుని, ఎవరికీ వినబడకుండా అన్నాడు: "గేర్లకేం కాలేదు సార్. నిన్న ఎక్కుడంతా నేను వ్యానులో మీ వెనకే వచ్చా. ఎవరి పిక్కలు బిగుసుకుంటున్నాయో, ఎవరివి వేలాడుతున్నాయో వెనకనించి బాగా కనబడుతుంది సార్."

భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. కానీ గదికి వెళ్ళే మెట్లెక్కుతుంటే అంతకంటే పెద్ద సంగతి తట్టింది. వ్యానులో ఉన్న మనిషికే తెలిస్తే, నా వీపు వెనక జానెడు దూరంలో కూర్చున్న మనిషికి తెలీదా?

ఆవిడ కిటికీ దగ్గర కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఇంకా వెలుతురుంది.

"నిన్న నేను తొక్కలేదు" అన్నాను.

"తెలుసు."

"ఎలా?"

"వదిలేసినప్పుడల్లా బరువంతా నా కాళ్ళ మీదికి వచ్చేది. తెలీకుండా ఎలా ఉంటుంది? మొదటిసారి మీకు పిక్క పట్టేసిందనుకున్నా. పాపం అనుకున్నా." కాలు సర్దుకుని, "భోజనాల దగ్గర మీరే చెప్తారని చూశా" అంది.

ఆ మోకాలి మీద తడిగుడ్డ మార్చబోతే నా చేయి పక్కకి నెట్టి తనే మార్చుకుంది.

ఐదోరోజు పొద్దున అందరూ టిఫిన్ దగ్గర ఉన్నారు. ఆవిడ కుంటుతూ వచ్చి కూర్చోగానే డాక్టరు, "రండి లగేజీ గారూ" అని కుర్చీ జరిపాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఆవిడ కాదండీ, లగేజీ నేను" అన్నాను. "మూడోరోజు కొండెక్కించింది ఆవిడ. నేను కాళ్ళు ఊరికే పెట్టుకుని కూర్చున్నా. నిన్న గేరు పాడవలేదు, నాకు చాతకాలేదు."

అందరూ నా వంక చూశారు. తరవాత డాక్టరు పకపకా నవ్వాడు. ఆయన భార్య కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ, "అబ్బ, ఎంత బాగా చెప్తారండీ మీరు!" అంది. "కాదండీ, నిజంగానే చెబుతున్నా" అన్నాను. ఇంకా నవ్వారు. "ఆ మొహం చూడండి, ఆ మొహం!" అన్నాడు డాక్టరు. నాలుగు రోజులుగా వాళ్ళని అలా తయారుచేసింది నేనే. నిలబడిపోయాను. కూర్చోడానికి లేదు, మాట్లాడటానికి లేదు.

"నిజమేనండీ" అంది మా ఆవిడ.

పెద్దగా కూడా అనలేదు. నవ్వు ఆగిపోయింది. డాక్టరు తన కంచంలోకి చూసుకున్నాడు. టీచరమ్మ రొట్టె మీద జామ్ రాసి మా ఆవిడ ముందు పెట్టింది. నా తప్పు నేను ఒప్పుకోవడానికి కూడా ఆవిడే సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

సరస్సు వరకూ ఇక దిగుడే, ఆవిడ ఆ రోజూ వ్యానులోనే వెళ్ళింది. నేను చేరేసరికి అందరూ ఒడ్డున ఉన్నారు. డాక్టరు దంపతులు మా ఆవిడతో ఏదో మెల్లగా మాట్లాడి పక్కకి వెళ్ళారు. తను రాయి మీద కూర్చుని రెండు కాళ్ళూ మోకాళ్ళదాకా నీళ్ళలో పెట్టింది. అంత నీలం నేను ఎప్పుడూ చూడలేదు. దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాలక సైకిలు పట్టుకుని నిలబడ్డాను. తనే పిలిచింది.

"బాగుంది కదా?" అన్నాను.

"చాలా బాగుంది." నీళ్ళలో కాళ్ళు కదిలించింది. "పొద్దున మీరు చెప్పింది కూడా బాగుంది. కానీ వీళ్ళు రేపటికి ఎవరి దారిన వాళ్ళు పోతారు. మన వీధిలో చెప్తారా?"

అడిగింది యాత్ర గురించి కాదని నాకు తెలుసు. ఇరవై ఏడేళ్ళుగా నేను షాపు ముందు గదిలో కూర్చుని చెబుతున్న కథ గురించి. చెప్తాను అనడం ఎంతసేపు? నాలాంటి వాడికి అది రెప్పపాటు పని. కానీ నేను వంగి ఒడ్డున గులకరాళ్ళు ఏరుతూ ఉండిపోయాను. ఆవిడ కాసేపు చూసింది, తరవాత కాళ్ళు తుడుచుకుని లేచింది.

ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. సోఫాలు తెచ్చేవాళ్ళు తెస్తున్నారు. తాళాలాయన రోజుకి రెండుసార్లు రోడ్డు దాటి వస్తాడు. "ఏం అన్నా, కొండలన్నీ ఒక్కడివే లాగేసి ఉంటావు కదా, వదిన హాయిగా వెనక కూర్చుందా?" అంటాడు. అప్పుడు వెనక గదిలో మిషను ఆగుతుంది. నేను సుత్తి చేతిలోకి తీసుకుంటాను. మేకులు నోట్లో ఉన్నట్టు నటిస్తాను. "బాగా జరిగిందిలే" అంటాను. ఇంకాస్సేపు ఆగి, వెనక మిషను మళ్ళీ మొదలవుతుంది.