టైమ్‌కీపర్ అన్న వేసిన తారీఖులు

మా కంపెనీ టైమ్‌కీపర్ చనిపోయారన్న వార్త పోయిన నెల ఒక మంగళవారం, పొద్దుటి టీ వేళకు, వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పేరు కూడా లేదు. ఉద్యోగి నంబరు, దాని పక్కన ఇంగ్లీషులో ఒక ముక్క, అంతే. ఆఫీసులో తన కుర్చీలో కూర్చుని ఉండగానే గుండె ఆగిపోయిందట. అది చదివి నేను మొదట అనుకున్న మాట రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ‘ఇందులో ఏదో ఎత్తు ఉంది’ అనుకున్నాను. చావును కూడా అనుమానించినవాణ్ణి, బతికుండగా ఆయన్ని ఎంత అనుమానించి ఉంటానో మీరే ఊహించుకోండి.

ఇందులో ఎవరి పేరూ రాయను. ఆయనదీ, నాదీ, నా స్నేహితుడిదీ. ఇది మీ చేతికి వచ్చేసరికి మేమిద్దరం ఉద్యోగాలు వదిలి, ఫైనల్ ఎగ్జిట్ మీద సౌదీ దాటేసి ఉంటాం. అయినా రాయను. స్నేహితుడు అన్నాను గానీ, సరైన మాట అది కాదు. ఆరేళ్లుగా మేమిద్దరం జంట. ఇద్దరం మగవాళ్లం. ఈ దేశంలో ఆ సంగతి బయటపడితే ఉద్యోగం పోవడం అన్నిటికన్నా చిన్న నష్టం. ఇక్కడికి దగ్గర్లోని హుఫూఫ్ ఊళ్లో మా అక్క ఆసుపత్రిలో నర్సు. నావల్ల ఆమె కూడా తలెత్తుకోలేని స్థితి వస్తుంది. కాబట్టి అనుమానం నాకు రోజూ తినే అన్నం లాంటిది. దానికి తోడు నేను స్టోర్‌కీపర్ని. సీలు చెక్కుచెదరని పెట్టెను కూడా ఒకసారి కదిపి చూస్తే గానీ సంతకం పెట్టను.

దమ్మామ్‌లో ఏసీలు, కరెంటు పనులు చూసే మెయింటెనెన్స్ కంపెనీ మాది. టైమ్‌కీపర్‌ది జగిత్యాల వైపు. అరవైకి దగ్గర. పెళ్లి చేసుకోలేదు. క్యాంపులో తెలుగువాళ్లందరికీ ఆయన ‘అన్న’. మా హాజరు, ఓవర్‌టైము, సెలవులు అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. కంప్యూటరు వచ్చి ఎన్నేళ్లయినా, గోడమీద అట్టతో చేసిన సెలవు చార్టును మాత్రం ఆయన వదల్లేదు. ఒక్కో మనిషికి ఒక్కో గడి, లోపల రంగు పెన్సిలుతో గీతలు. ఎవరైనా గదిలోకి వస్తే దాని మీద ఉన్న గుడ్డ కిందికి దించేవారు. ఏసీ గదిలో మెడకు మఫ్లర్ చుట్టుకుని, బ్లేడుతో పెన్సిళ్లు చెక్కుకుంటూ, వచ్చినవాడి మొహం ఎగాదిగా చూసేవారు.

“సెలవు అడిగేటోని నోరు ఒకటి జెప్తది తమ్మీ, తారీఖు ఇంకొకటి జెప్తది” అనేవారు. అందరూ నవ్వేవాళ్లు. నాకు మాత్రం ఆ మాట నా గురించే అనిపించేది. ఖర్జూరాల కాలంలో హుఫూఫ్ వెళ్లి, డబ్బాలు నింపుకొచ్చి అందరికీ పంచేవారు. నాకిచ్చిన డబ్బా నేను రెండు రోజులు ముట్టుకోలేదు. మా అక్క ఉన్న ఊరికే ఎందుకు వెళుతున్నాడు, నా గురించి ఏమైనా ఆరా తీస్తున్నాడా అని. సగం దమ్మామ్ ఖర్జూరాలు కొనేది అక్కడే అన్న సంగతి ఆ రెండు రోజులూ నాకు గుర్తు రాలేదు.

ఇక అసలు సంగతి. నా స్నేహితుడు ఏసీ టెక్నీషియన్, నిజామాబాద్ వాడు. ఒకే క్యాంపులో వేర్వేరు బ్లాకుల్లో ఉంటూ, మెస్సులో ఎదురుపడితే “తిన్నావా?” అని మాత్రమే ఒకరినొకరు అడిగే బతుకు మాది. నిరుడు వాడు పట్టుబట్టాడు. థాయిలాండ్‌లో సముద్రం ఒడ్డున ఒక రిసార్టు ఉంది, మాలాంటి మగవాళ్లు జంటలుగా వెళ్లి ఉండేది. అక్కడ ఒకే గది అడిగితే ఎవరూ కనుబొమ్మ ఎగరెయ్యరు. దాని వెబ్‌సైటులో ఏ కాలంలో ఏ పండగో వరసగా రాసి పెట్టారు: నవంబరులో దీపాల పండగ, డిసెంబరు ఆఖర్న కొత్త సంవత్సరం, ఏప్రిల్‌లో నీళ్ల పండగ, జూన్‌లో రంగుల జెండాల ఊరేగింపు. “ఒక్క వారం. చెయ్యి పట్టుకొని రోడ్డు మీద నడవాలె. గంతే” అన్నాడు వాడు. అంత చిన్న కోరికను కాదనడానికి నాకు నోరు రాలేదు.

రంజాన్ ఈద్ సెలవులకు మా వార్షిక సెలవు కలుపుకుని వెళదామనుకున్నాం. తెలివిగా చేస్తున్నామనుకుని, ఇద్దరం ఒకే తారీఖు రాసి, ఒకే పెన్నుతో ఫారాలు నింపి, ఒకే పూట ఇచ్చాం. ఊరికి వెళ్లడానికి కంపెనీ ఇచ్చే విమానం టికెట్ అక్కర్లేదని కూడా ఇద్దరం రాశాం.

మర్నాడు అన్న నన్ను పిలిచారు. ఫారాలు రెండూ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి.

“ఇద్దరికి ఒక్క తారీఖు కుదరది. ఆయనను నాలుగు దినాలు ముందట పంపుత. నువ్వు ఎన్క పో.”

“ఎందుకు కుదరదన్నా? ఆయనది ఏసీ సెక్షను, నాది స్టోరు. ఒకరికొకరికి సంబంధమే లేదుగా” అన్నాను. ఆ ‘సంబంధం’ అన్న మాట నోట్లోంచి జారగానే నాలుక కరుచుకున్నాను.

ఆయన పెన్సిలు చెక్కుతూనే ఉన్నారు. “ఏడికి పోతున్నవ్?”

“ఊరికే అన్నా. మా మేనకోడలి పెళ్లి.”

“మంచిది. ఈద్‌కు మాత్రం బ్యాంకాక్ దిక్కు పోకు తమ్మీ. సగం దమ్మామ్ ఆడ్నే ఉంటది.”

బ్యాంకాక్ పేరు నేను ఎత్తలేదు. ఆ మాట విన్నాక నేరుగా స్టోరుకు వచ్చి తలుపు వేసుకున్నాను. ఆ సాయంత్రమే ఫోన్లో ఉన్నదంతా తుడిచేశాను. ఊరికి డబ్బు పంపే ఎక్స్ఛేంజ్ దుకాణంలో, రేట్ల బోర్డు ముందు ఎవరైనా రెండు నిమిషాలు నిలబడినా నాకోసమే అనిపించింది. ఇక్కడ ఇలాంటి ఎర వేసి మనుషుల్ని పట్టించేవాళ్లు ఉంటారని వినికిడి. గుడ్డ వెనక దాచిన చార్టు, హుఫూఫ్ ప్రయాణాలు, పెళ్లి కాకపోవడం, అన్నీ కలిపి నేనొక పెద్ద కథ అల్లేశాను. మనం వెళ్లొద్దని నా స్నేహితుడితో చెప్పాను. వాడు నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

“ఆ పెద్దమనిషి మన మంచికే జెప్తున్నడు. నీకు ఎవ్వల మీద నమ్మకం ఉన్నది? రేపు నన్ను గూడ అనుమానిస్తవ్” అన్నాడు. ఆ తర్వాత పదిరోజులు మెస్సులో “తిన్నావా?” అని కూడా అడగలేదు. నాకప్పుడు అర్థమైంది, ఈ ప్రయాణం పోతే దాంతోపాటు ఏం పోతుందో.

పదకొండో రోజు మధ్యాహ్నం భోజనం వేళ అన్న మళ్లీ కబురు పెట్టారు. గదిలో ఇంకెవరూ లేరు. సొరుగులోంచి రద్దయిన పాత పాస్‌పోర్టు ఒకటి తీసి నా ముందు పెట్టారు.

“చూడు.”

పేజీ పేజీకి థాయిలాండ్ ముద్రలు. ఏడాదికొకటి. మధ్యలో ఒక ఫొటో. చిన్న వయసులో అన్న, పక్కన పొట్టిగా ఒక ఫిలిప్పీన్స్ మనిషి. ఇద్దరి చెంపల మీదా తెల్లటి పిండి. అన్న చెయ్యి ఆయన నడుం చుట్టూ ఉంది. ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేని ఫొటో.

“ఎర్ర సముద్రం దిక్కు రాబిగ్‌ల వెల్డర్. నేను ఈ సముద్రం కాడ, ఆయన ఆ సముద్రం కాడ. నడుమ దేశమంత. ఏడాదికొక్కసారి ఆడ కలుసుకునేటోళ్లం. మేము గూడ గట్లనే ఒక్క తారీఖు రాసినం, కంపెనీ టికెట్ ఒద్దన్నం. ఊరికి పోయేటోడు కంపెనీ టికెట్ ఇడుస్తడా తమ్మీ? అందుకే మీది చూడంగనే ఎర్కైంది.”

ఒక ఏడు అన్నకు సెలవు దొరకలేదట. రాబిగ్ మనిషి ఒక్కడే వెళ్లి, వారం రోజులు చూసి, తిరిగి రాబిగ్ రాకుండా అటునుంచి అటే వాళ్ల దేశం వెళ్లిపోయాడట. ఆ తర్వాత కబురు లేదు. “అప్పుడు అడిగి మరీ తీసుకున్న, సెలవులు రాసే ఈ కుర్సీ” అన్నారు అన్న. గొంతులో ఏ తేడా లేదు.

ఇంత విన్నాక ఎవరైనా ఏం చేస్తారు? నేను ఏం చేశానో చెప్తాను. ఆయన టీ పోయడానికి అటు తిరగ్గానే ఫోన్ తీసి ఆ ఫొటోను ఫొటో తీశాను. రేపు నన్ను పట్టిస్తే, నా చేతిలో కూడా ఒకటి ఉండాలి కదా అని. ఆయన కప్పుతో ఇటు తిరిగారు. నా చేతిలో ఫోన్ చూశారు. కప్పు బల్ల మీద పెట్టి, పాస్‌పోర్టును కిటికీ వైపు కొంచెం జరిపారు.

“గిటు తిప్పి తియ్యి. ఆడ నీడ వడ్తున్నది.”

నేను తలవంచుకుని, ఆయన చెప్పినట్టే మళ్లీ తీశాను. అంత నీచమైన పని నా జన్మలో ఇంకొకటి చెయ్యలేదు. అంత మర్యాదగా నన్ను క్షమించినవాళ్లు కూడా ఇంకెవరూ లేరు.

ఆ రోజే చార్టు మీది గుడ్డ ఎత్తి మాకు తారీఖులు వేశారు. రిసార్టు వాళ్ల పండగల జాబితా నేను చదువుతుంటే, ఆయన ఒక్కోదాన్నీ కొట్టేస్తూ వచ్చారు. కొత్త సంవత్సరం వద్దు, “మనోళ్లు హైదరాబాద్‌కెల్లి విమానాలు నింపుకొని వస్తరు.” దీపాల పండగ వద్దు, “ప్రతోని చేతిల క్యామెరానే, దీపం వెలుగు మొఖం మీదనే వడ్తది.” జూన్ ఊరేగింపు చూడముచ్చటగా ఉంటుందట, కానీ ఫొటోలు పేపర్లలో పడతాయి, పైగా ఎండాకాలంలో ఏసీవాడికి సెలవెవరిస్తారు? “ఈద్‌కు మీరిద్దరు డ్యూటీ చెయ్యిండ్రి, మేనేజర్ ఖుష్ అయితడు. పోయినోళ్లంత వాపస్ వచ్చినంక ఏప్రిల్‌ల నీళ్ల పండగ. అందరు మొఖాలకు పిండి వూసుకుంటరు. కన్నతల్లి ఎదురొచ్చినా గుర్తువట్టది.” ఆయన మొహంలో నవ్వు చూడటం నాకదే మొదటిసారి. “భయం ఉండాలె తమ్మీ. గని దానికి గూడ ఏడాదికి ఒక వారం సెలవియ్యాలె.”

నా స్నేహితుడికి ఒక తారీఖు, నాకు నాలుగు రోజుల తర్వాత ఇంకొకటి. వాడి ఫారం మీద కంపెనీ టికెట్ కావాలని అన్నే రాయించారు; వాడు ముందు ఊరికి వెళ్లి, అక్కణ్ణుంచి థాయిలాండ్ రావాలి. దేశం దాటి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితాలు కూడా వేర్వేరు రోజుల్లో పంపారు. వెళ్లాం. ఏమీ కాలేదు. తిరిగొచ్చాం.

వచ్చిన మర్నాడు హాజరు వేయించుకోవడానికి వెళితే, అన్న పెన్సిలు ఆపి నా మొహంలోకి చూశారు. చుట్టూ నలుగురు ఉన్నారు.

“మంచిగైందా తమ్మీ?”

“ఆ అన్నా. ఊళ్లో అందరూ బాగున్నారు. పెళ్లి బాగా జరిగింది” అన్నాను.

ఆయన తల ఊపారు. “మంచిది. పెండ్లి మంచిగైతే గంతే సాలు.”

నలుగురి ముందు కదా అలా అన్నాను, తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పొచ్చు అనుకున్నారా మీరు? నేనూ అలాగే అనుకున్నాను. రెండు నెలలు ఆయన ఒంటరిగానే ఉన్నారు. నేను ఆ గది ముందు నుంచే రోజూ స్టోరుకు వెళ్లాను. గోడకు చెవులుంటాయని ఒక రోజు, ఇప్పుడు తొందరేముందని ఒక రోజు. అసలు కారణం అది కాదు. ఒప్పేసుకుంటే ఇక నా రహస్యం పూర్తిగా ఆయన చేతిలోకి వెళ్లిపోతుందని నాలో ఒక మూల ఇంకా గొణుగుతూనే ఉంది. ఫోన్లో ఆ ఫొటో కూడా అందుకే తుడిచెయ్యలేదు. ఇప్పుడు తీసేద్దామన్నా చెయ్యి రావడం లేదు.

కాగితాలన్నీ తేలి, అన్నను ఇంటికి పంపడానికి మూడు వారాలు పట్టింది. ఎయిర్‌పోర్టు కార్గోకు కంపెనీ తరఫున ఎవరైనా వెళ్లాలంటే నేను వెళతానన్నాను. పట్టపగలు, నిప్పులు చెరిగే ఎండ. చెక్కపెట్టె మీద ఆయన నంబరు, పేరు, ఊరు. డ్రైవర్ పఠాన్ భాయ్ సంతకాల కోసం లోపలికి వెళ్లాడు. షెడ్డులో పెట్టె, నేను మిగిలాం. పెట్టెలను అలవాటుగా కదిపి చూసే చెయ్యి, ఈ పెట్టె మీద ఊరికే ఆనింది.

“అన్నా, మేం ఊరికి వెళ్లలేదు” అన్నాను.

మిగతాది కూడా చెప్పాను. పండగ రెండో రోజు పొద్దున, రిసార్టు గేటు బయట ఒక ముసలావిడ పూలదండలు అమ్ముకుంటూ కూర్చుని ఉంది. మేమిద్దరం చెయ్యి చెయ్యి పట్టుకుని అటుగా వెళుతుంటే ఆగమని సైగ చేసింది. అందరూ బక్కెట్లతో కుమ్మరిస్తుంటే, ఆవిడ చిన్న గిన్నెతో మల్లెపూలు వేసిన నీళ్లు తీసి, మా ఇద్దరి చేతులూ కలిసి ఉన్న చోట మెల్లగా పోసింది. నా స్నేహితుడు నా చెవిలో, “ఇగో, పెండ్లి ధార వోసుడు అయిపోయింది” అన్నాడు. నేను నవ్వలేకపోయాను. నీళ్లు మా వేళ్ల సందుల్లోంచి కారి, ఒక మల్లెపువ్వు అక్కడే చిక్కుకుంది. ఆవిడ రెండోసారి గిన్నె ముంచింది. చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాం.