ఆ వేలు మా వదినది కాదు

మా వదిన పోయిందన్న కబురు నాకు రెండుసార్లు అందింది. మొదటిసారి తెల్లవారుతుండగా, ఊరి నుంచి అమలాపురానికి పాలు తెచ్చే మనిషి నా గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మగారు వెళ్ళిపోయేరండి. నిద్దట్లోనేనంట" అని చెప్పింది. రెండోసారి, మూడో రోజున, ఊరి మొదట్లో కాలువ వంతెనకు కట్టిన ఫ్లెక్సీ చెప్పింది. అందులో వదిన బొమ్మ చిన్నది. చేతులు జోడించిన పంచాయతీ మాజీ ప్రెసిడెంటుగారి బొమ్మ పెద్దది. కింద ఇలా ఉంది: "చదువు లేకపోయినా, కోనసీమ రైలు కోసం వేలిముద్ర వేసి ముందుకొచ్చిన మాతృమూర్తికి అశ్రునివాళి."

మొదటి కబురుకి ఏడ్చాను. రెండోదానికి నా కళ్ళు ఆరిపోయాయి. ఈ నాలుగు మాటలూ ఆ రెండోదానికి జవాబు. పోయినవారి గురించి మంచే చెప్పాలన్నది మన మర్యాద. బతికున్నవారి విషయంలో అటువంటి నిబంధన ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు.

వదిన మా అన్నయ్య భార్య. గౌతమికి అవతలి ఒడ్డున, కోటిపల్లికి దగ్గరలో ఒక పల్లె ఆమె పుట్టిల్లు. ఆ ఊరి పొలాల మధ్య ఎత్తయిన మట్టికట్ట ఉండేది. అందరూ దాన్ని రైలుకట్ట అనేవారు. దాని మీద రైలు కాదు గదా, పట్టా ముక్క కూడా లేదు. ఒకప్పుడు కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలు నడిచేది. యుద్ధకాలంలో తెల్లదొరలు ఆ పట్టాలు ఊడబెరికి తీసుకుపోయారు. పేరు మాత్రం కట్టనే అంటిపెట్టుకుని ఉండిపోయింది. పిల్లలు ఒకరి పరికిణీ ఒకరు పట్టుకుని, కూతపెడుతూ దాని మీద పరిగెత్తేవారట. "మా ఊరి రైలుకి మేవే పెట్టెలం" అని చెప్పేది వదిన. ఆ వెంటనే ముఖం గంటు పెట్టుకుని, "పీక్కుపోతుంటే చూస్తా ఊరుకున్నారు చూడు మా పెద్దోళ్ళు! అడగనోళ్ళకి మళ్ళీ ఎవడేస్తాడు?" అనేది. తన నుంచి లాక్కున్నది చిన్నదైనా పెద్దదైనా అడగకుండా వదలని గుణం ఆమెకు ఆ కట్ట మీదే అబ్బిందని నా నమ్మకం.

కోటిపల్లికి పట్టాలు తిరిగి వచ్చాయని తెలిసిన వారమే ఇద్దరం ముక్తేశ్వరం రేవులో పంటి పడవ ఎక్కి గౌతమి దాటాం. తీరా చూస్తే ఆ రైలు ఒక్క పెట్టె. పక్కనున్న పెద్దమనిషి పెదవి విరిచాడు.

"ఇదేంటండీ, బస్సుకి పట్టాలేసినట్టుంది."

"పురిటి పిల్లని చూసి ఇంతేనా అంటారేంటండీ? పెరుగుద్ది లెండి" అంది వదిన.

అందులోనే ఎక్కి తిరిగివచ్చి దిగాక, నది ముందు పట్టాలు ఆగిపోయిన చోట నిలబడి, వేళ్ళు ముడుస్తూ నాకు దారి చెప్పింది. ఈ గౌతమి దాటాలి. అమలాపురం రావాలి. వైనతేయ దాటాలి. రాజోలు సీమ తొక్కి, వశిష్ఠ కూడా దాటి నరసాపురంలో పెద్ద లైను కలవాలి. "మూడు గోదార్లమ్మా లెక్చరరుగారూ. నీ పాఠంలో ఒక్క వాక్యం. నాకైతే ఒక జన్మ." నేను కాలేజీలో చరిత్ర చెప్పేదాన్నన్న వేళాకోళం అది.

ఆ మార్గానికి కొలతలు వైనతేయ గట్టున ఉన్న మా ఊరి దాకా వచ్చాయి. అప్పటికే అన్నయ్య లేడు. తోట వదినే చూసుకునేది. పాతిన రాళ్ళు ఎదురింటి మాజీ ప్రెసిడెంటుగారి కొబ్బరితోటను నిలువునా చీల్చాయి. పక్కనే ఉన్న మా వదిన తోటను తాకనైనా లేదు. అప్పుడు ప్రెసిడెంటుగారు గ్రామస్తులందరి తరఫున ఒక అర్జీ పెట్టారు. మార్గాన్ని కాస్త తూర్పుకి జరిపితే ఊరికి మేలట. పక్క తోట యజమానురాలు సంతోషంగా సమ్మతించిందట. కింద వదిన పేరు. పేరు ఎదురుగా నల్లటి వేలిముద్ర.

మా వైపు ఒక అలవాటుంది. సంతకం వచ్చిన ఆడదాని చేత కూడా వేలే వేయిస్తారు. "సంతకవైతే ప్రతిసారీ ఒకేలా రావాలి, వేలైతే గొడవుండదు, ఎయ్యమ్మా" అంటారు. ఆ అలవాటే ప్రెసిడెంటుగారిని ముంచింది. ఎనిమిదో తరగతి చదివి, దినపత్రికను చివరి పేజీ నుంచి మొదటి పేజీ దాకా నమిలే మనిషి ఎదురింట్లో ఉన్నదని ఇన్నేళ్ళూ ఆయన చూడనే లేదు. చూడవలసిన అవసరం కలగలేదు కాబోలు.

అభ్యంతరాల విచారణ బడి ఆవరణలో జరిగింది. అధికారి అర్జీ చదివి వదిన పేరు పిలిచాడు.

"మీరు ఒప్పుకున్నారా అమ్మా?"

"ఆయ్, ఒప్పుకున్నదీ లేనిదీ తర్వాత చెప్తానండి. ముందు ఆ వేలెవరిదో చెప్పమనండి."

"మీదేనని రాసుందండి."

"నా వేలు నా దగ్గరే ఉందండి, ఇదిగో. దీంతో ముగ్గెడతాను, పిండి కలుపుతాను, మా ఆడపడుచుకి ఉత్తరం రాసేప్పుడు కలం పట్టుకుంటాను. కాగితం మీద మటుకు ఎప్పుడూ ఎయ్యలేదండి."

అధికారి జేబులోని కలం అడిగి తీసుకుని, ఆ అర్జీనే వెనక్కి తిప్పి, తన పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ రాసింది. జనం గొల్లున నవ్వారు.

"పెద్దతనం కదండీ, అక్కయ్యగారు మర్చిపోయుంటారు" అన్నారు ప్రెసిడెంటుగారు.

"మర్చిపోతే అక్షరాలు మర్చిపోవాలి గానండి, ఎయ్యని వేలు మర్చిపోతానా? మీరు మా గుమ్మంలోకొచ్చి అడిగుంటే ఇచ్చేద్దునేమో. ఈ రైలు కోసం పెట్టెనై పరిగెత్తినదాన్ని. అడగలేదు మీరు."

అర్జీ పక్కకు పోయింది. మార్గం రాళ్ళు పడిన చోటే ఉండిపోయింది. కాని ఆ వేలెవరిదో ప్రెసిడెంటుగారు చెప్పలేదు. చెప్పకపోగా, వదిన తోటకు వెళ్ళే బాటకు అడ్డంగా కంచె వేయించారు. నేను కోర్టుకి వెళదామన్నాను. వదిన వద్దని, రోజూ కాలువగట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది. "చుట్టు తిరిగితే కాళ్ళు నెప్పెడతాయి. ఆయన్నడిగితే మెడ నెప్పెడుద్ది" అనేది.

కంచె కన్నా ఆయన మాట ఎక్కువ దూరం పాకింది. "అక్కయ్యగారు వేలేసి ఇస్తానన్నవారే, జనంలో సిగ్గుపడి వెనక్కి తగ్గేరు" అని ఏళ్ళ తరబడి పంచాయతీ అరుగు మీద చెప్పారు. విచారణ నాటి జనంలో కొందరు పోయారు, కొందరు మరిచారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు మా వదినను చూపించి "వేలేసిన మామ్మగారు" అని చెప్పుకోవడం నా చెవులారా విన్నాను. వదినా విన్నది. ఆ రోజు అన్నం సగంలో లేచింది.

అప్పటి నుంచి ఆమెకో పద్ధతి ఏర్పడింది. రేషను బండి వచ్చి యంత్రం మీద వేలు పెట్టమంటే, ముందు కాగితం తెమ్మని దాని మీద సంతకం చేసేది, ఆ తర్వాతే వేలు పెట్టేది.

"సంతకం అక్కర్లేదండీ మామ్మగారూ."

"నీకక్కర్లేదు నాయనా. నాక్కావాలి."

నేను పత్రికలకు ఖండనలు రాశాను. ఎవరూ అచ్చు వేయలేదు. వదిన నవ్వింది. "ఉత్తరాల్తో పగ తీరదమ్మా లెక్చరరుగారూ. పగంటే పెరుగు తోడెట్టినట్టెట్టాలి. కదిపితే తోడుకోదు." అది ఓడినవారి ఓదార్పు అనుకున్నాను. చదువుకున్న గర్వం అప్పుడప్పుడూ మనిషిని అలా గుడ్డిదాన్ని చేస్తుంది.

పెద్దకార్యం నాడు మా ఇంటి ముందు షామియానా వేయించి, మైకు పెట్టించి, సంతాపసభ తామే జరిపించారు ప్రెసిడెంటుగారు. "చదువూ సంధ్యా లేకపోయినా..." అని ఎత్తుకున్నారు. నేను లేచి వెళ్ళి మైకు అందుకున్నాను.

"ఆ వేలెవరిదని మా వదిన బతికినన్నాళ్ళూ అడిగింది. ఆవిడ లేదు గనుక నేనడుగుతున్నాను" అని, జవాబు చెప్పమని మైకు తిరిగి ఆయన చేతికే ఇచ్చాను.

"ఇలాంటప్పుడు ఆ పాత గొడవలెందుకండీ మేడంగారూ..."

"నాదేనండి."

ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చింది ఆ మాట. లేచి నిలబడింది ప్రెసిడెంటుగారి భార్య. పదిమందిలో ఆమె నోరు విప్పగా నేనెన్నడూ వినలేదు.

"ఆ వేలు నాదండి. రైలు కాగితం, ఎయ్యవే అన్నారు, ఏసేను. ఎవరి పేరుందో నాకేం తెలుసండి? బడి కాడ గొడవయ్యేకే తెలిసింది. మర్నాడు రేవులో అక్కయ్యగారి కాళ్ళ మీద పడ్డాను."

"ఏమంది?" అన్నాను.

"లెగమన్నారండి. 'నీ వేలింక ఆయనకి దొరక్కుండా చేస్తాను, రేపట్నించి అందరికన్నా ముందు రా' అన్నారు. రేవు పక్కన తడి ఇసకలో అక్షరాలు దిద్దించేరు. ఎవరికీ చెప్పొద్దన్నారు. మీక్కూడానండి."

"కూర్చోవే!" అన్నారు భర్తగారు. చేతిలో మైకు ఉన్న సంగతి మరిచారు. ఊరంతా వినపడింది.

"కూర్చుంటానండి. పోయిన వేసంగిలో మా పుట్టింటోళ్ళు నాకిచ్చిన చేను అమ్మకానికి కాగితం తెచ్చేరు గదా మీరు? చదివేను. అందుకే ఎయ్యనన్నాను. ఎందుకెయ్యలేదా అని ఇప్పటికీ అనుకుంటన్నారు."

నేను ప్రెసిడెంటుగారిని క్షమించలేదు. వదిన కూడా క్షమించలేదని ఆ రోజు నాకు రూఢి అయింది. కోర్టులు, పత్రికలు అంటూ నేను వీధిలో కేకలేస్తున్న కాలంలో, ఆమె ఆయన ఇంట్లోనే, ఆయనకు రోజూ అన్నం వడ్డించే చేతినే, ఆయనకు లొంగని చెయ్యిగా మార్చి పెట్టింది. నాకు చెప్పలేదన్న రోషం ఇంకా ఉంది. చెప్పి ఉంటే నేను ఆపుకోలేకపోయేదాన్నని ఆమెకు తెలుసు.

ఆ ఇల్లాలు కూర్చోలేదు. వచ్చినవారు రెండు మాటలు రాయడానికని వదిన పటం ముందు మేము పెట్టిన పుస్తకం దగ్గరికి నడిచింది. కలం మూత తీసి, వంగి, ఒక్కొక్క అక్షరానికీ తలకట్టు గట్టిగా అదిమి పెడుతూ తన పేరు రాసింది. పేరు ముందు పుట్టింటి ఇంటిపేరు రాసింది. ఆమె రాస్తున్నంతసేపూ మైకులో ఆయన ఊపిరి ఒక్కటే వినిపించింది.