పదహారు వందల పన్నెండు దగ్గర ఆగిన ఆట

ముందు పోయినవి చెబుతాను. ముగ్గురు ఆటగాళ్ళు. నాలుగేళ్ళుగా అలవాటైన ఆదివారం సాయంత్రాలు. బావతో చనువు. ఇవన్నీ ఒక అంకె కోసం పోయాయి. ఆ అంకెను పుట్టించింది నేనే.

తొంభైల చివర్లో పలాసలో, జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే మేం ఆరుగురం ఒక టైలరు కొట్టు అరుగు మీద చదరంగం ఆడేవాళ్ళం. ఓడినవాడు కూడా నవ్వుతూనే లేచేవాడు. ఒక పాత పుస్తకం చూసి రేటింగు కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. మనకన్నా బలమైనవాణ్ణి గెలిస్తే ఎక్కువ పాయింట్లు, బలహీనుణ్ణి గెలిస్తే తక్కువ. వారం వారం అందరి అంకెలూ అట్టముక్క మీద రాసి గోడకు తగిలించాను.

మాది గ్రేడుతో బతికే ఊరు. నిండుగా ఉంటే గుండు, చీలితే బద్ద, విరిగితే ముక్క అని పప్పు వేరుచేసి డబ్బాకు సీలు వేశాక ఎవరూ విప్పరు. అంకెనూ అలాగే అనుకున్నారు. అట్టలో అడుగున ఉన్నవాళ్ళను పైవాళ్ళు "ఏటి ముక్కా, నువ్వూ ఆడతావేటి?" అన్నారు. ముగ్గురు మానేశారు.

అందరికన్నా పైన బావ, 1612. వరసకు బావ, పనికి పప్పు గ్రేడు చేసేవాడు. నాది 1480. ఒక ఆదివారం అతని మంత్రిని కొట్టాను. ఇంకో రెండెత్తుల్లో ఆట కట్టు. అతను లేచాడు.

"సీకటడిపోనాది బావా. పావులు కనబడ్డం నేదు."

నెత్తి మీద బల్బు వెలుగుతూనే ఉంది.

మరుసటి ఆదివారం బోర్డు దగ్గరికే రాలేదు.

"ఆట మిగిలుంది గదా బావా," అన్నాను.

"సీలేసిన డబ్బా ఎవుడైనా ఇప్పుతాడేటి? నా నంబరు అలాగుండనీ."

"మరి నా గెలుపో?"

"నాను సంతకం ఎట్టనేదు గదా."

ఇద్దరి సంతకాలూ లేనిదే ఆట లెక్కలోకి రాదని ఆటల ఫలితాలు రాసే నోటు పుస్తకం మొదటి పేజీలో రాసింది నేనే. నా నియమంతోనే నా నోరు మూయించాడు. ఆ అరుగు దాటితే ఆ 1612 ఎవరికీ తెలియదు. దానికి ఎవరూ టీ కూడా పోయరు. అయినా దాన్ని కాపాడుకోవడానికి అతను మళ్ళీ ఎవరితోనూ ఆడలేదు. ఎదురుపడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఆట పూర్తయితే అతను 1590కి దిగేవాడు, నేను 1502కి ఎక్కేవాణ్ణి. ఎన్నిసార్లు కట్టినా లెక్క మారలేదు. నాకు ఇంకా ఇరవై రెండు పాయింట్లు రావాలి.