సలుపు, పీకు, పోటు

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధి చివరింట్లో ఒక డాక్టర్ ఆంటీ ఉంటారు. చాలా ఏళ్ళు ప్రాక్టీస్ చేసి రిటైరయ్యారు. తన దగ్గరికొచ్చిన తెలుగువాళ్ళు బాధ చెప్పుకున్న మాటలన్నిటినీ, పేర్లు లేకుండా, మనిషికొక లైన్ చొప్పున ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచుకున్నారు. ఆస్పత్రుల్లో ఇంటర్‌ప్రెటర్లుగా చేరే పిల్లలకి దాన్ని ఇవ్వాలని ఆవిడ పట్టుదల.

"ఏం చెప్పినా పెయిన్, పెయిన్ అనేస్తున్నారమ్మాయ్. దాంతో డాక్టర్‌కి ఏం తెలుస్తుంది, నా తలకాయ!" అనేవారు.

ఒకే లైన్ రెండుసార్లు వస్తే తీసెయ్యమని పెన్‌డ్రైవ్ నా చేతికిచ్చారు. అడిగింది అంతే. నేను ఊరుకుంటేగా! పైథాన్‌లో ప్రోగ్రాం రాయడమంటే నాకు మహా సరదా. ఒక లైన్ చదవడం, సరిచేయడం, రాసేయడం, తర్వాతి లైన్‌కి పోవడం. మనిషైతే పదో లైన్‌కే విసుక్కుంటాడు. అది మాత్రం ఊపిరి తీసుకోకుండా చేసుకుపోతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగం తర్వాత కూడా నోరు తెరుచుకుని చూస్తాను.

సలుపుతోంది, పీకుతోంది, మెలిపెడుతోంది, కలుక్కుమంటోంది... అన్నీ నొప్పే కదా, ఒకే మాట ఉంటే వెతకడం సులువనుకున్నాను. అన్నిటినీ 'నొప్పి'గా మార్చేలా ప్రోగ్రాంలో ఇంకో నాలుగు లైన్లు కలిపాను. పాత ఫైల్ మీదే కొత్తది రాయించాను. రెప్పపాటులో అయిపోయింది.

మర్నాడు ఆంటీ తన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని లాప్‌టాప్‌లో అక్కడక్కడా ఒక్కో లైన్ చదవడం మొదలుపెట్టారు. "పన్ను నొప్పి. కడుపులో నొప్పి. నడుం నొప్పి... ఇదేంటి? నా మాటలేవి?"

"క్లీన్ చేసిన, ఆంటీ. పాతది ఇంకో కాపీ ఉంది కదా మీ దగ్గర?"

"లేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పిప్పిపన్ను సలుపుతుంది. చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. రెండూ ఒకటేనా? ఎవరు చెయ్యమన్నారే నిన్ను?"

నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ లాప్‌టాప్ నా వైపు తిప్పి, "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. మొదటి లైన్ చదువు," అన్నారు.

"గిన్నెలు తోముతుంటే, నడుం నొప్పి."

"కలుక్కుమంటోంది అంది. నడుం పట్టుకుని అలాగే వంగిపోయింది. రాయి."

"మెట్లు దిగితే, పిక్కలు నొప్పి."

"పీకుతున్నాయన్నాడు. స్టోర్‌లో రోజంతా నిలబడే పని. తర్వాత?"

మూడు వందల పైచిలుకు లైన్లు. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఒక్కోచోట కళ్ళు మూసుకుని, ఆ మనిషి చెయ్యి ఎక్కడ పెట్టుకుందో తన ఒంటి మీద తాను పెట్టుకుని చూసేవారు. అప్పుడు మాట దొరికేది. తలలో పోట్లు. అరికాళ్ళలో చురుకులు. నరాలు గుంజడం. నేను టైప్ చేస్తూ అబ్బురపడిపోయాను. నా తల్లిభాషే, ఇందులో సగం మాటలు ఎప్పుడూ నా నోటికి రాలేదు. ఒంట్లో ఒక్కో బాధకి ఒక్కో మాట పెట్టుకున్న జనానికి దణ్ణం పెట్టాలో, అవన్నీ విని గుర్తుంచుకున్న ఈవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలో తెలియలేదు.

రెండో రోజు చివర్లో ఒక లైన్ చదివాను. "ఎడమ పక్కటెముకల దగ్గర నొప్పి."

ఈసారి ఆంటీ చెయ్యి బల్ల మీద నుంచి లేవలేదు. గుర్తు రావట్లేదేమో, సాయం చేద్దామనుకున్నాను. "పోటా ఆంటీ? సలుపా?"

"దాన్ని ముట్టుకోకు. అది నువ్వు మార్చింది కాదు. ఆవిడ నొప్పి అనే అంది."

"అంతేనా? ఎట్లుందో చెప్పలేదా?"

"ఎలా చెప్తుందే? మొగుడు పక్కనే నిలబడి ఉన్నాడు."