నర్సమ్మ తీసిన పాపిడి

మా వెనక వీధిలో ఉండే, ఆసుపత్రిలో నర్సుగా చేసిన నర్సమ్మ పోయిన మంగళవారం కన్నుమూసింది. ఒడిశాలోని మా రాయగడ తెలుగువాళ్లలో ఆవిడను ఎరగనివాళ్లు తక్కువ. నాకు రాయడం అంతగా రాదు. అయినా ఆవిడ గురించి చెప్పాలనిపించింది.

నా భార్య ఆవిడను అక్కా అనేది. ఒంట్లో ఏ నలత వచ్చినా ముందు ఆవిడకే చెప్పేది, తర్వాతే నాకు. వెనక గుమ్మంలో ఇద్దరి నవ్వులు వినపడేవి. నేను లేచి వెళ్తే ఆగిపోయేవి. నాకు ఒళ్లు మండేది.

నాలుగో కాన్పులో నా భార్యకు ప్రాణం మీదకు వచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషనంటే భయపడింది. అప్పటినుంచి పిల్లలు కలగకుండా మూడు నెలలకో సూది, చాలా ఏళ్లు, నర్సమ్మే వేసింది. వేసే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. "దేవుడికి సెప్పేను. ఇంక కదలకమ్మీ" అనేది.

తర్వాత ఎన్నాళ్లకో నా భార్యకు తలనొప్పి పట్టుకుంది. చూపు మసకబారింది. విశాఖపట్నంలో తలకు ఫొటో తీసి, మెదడు మీది పొరలో గడ్డ ఉందన్నారు. క్యాన్సర్ కాదు గానీ తీసెయ్యాలన్నారు. మాతో వచ్చిన నర్సమ్మ డాక్టరును అడిగింది.

"ఆ సూదులు నానే ఏసేను బాబూ. వాటివల్లేనా?"

"ఏళ్లతరబడి వాడినవాళ్లలో ఈ గడ్డ కాస్త ఎక్కువగా కనిపిస్తోందంటున్నారమ్మా. అయినా అరుదే. ఈమెకు అందువల్లే వచ్చిందని చెప్పలేం."

ఆవిడ బల్ల మీద కూలబడి ఏడ్చింది. ఇక వీళ్లిద్దరికీ చెడుతుందనుకున్నాను. చెడితే బాగుండుననుకున్నాను. నా భార్య వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఏటక్కా ఆ ఏడుపు? ఇంకో కాన్పొస్తే అప్పుడే పోదును. ఇన్నాళ్లు బతికేనంటే నీ సూదేగదా. ఆపరేషన్ గది కాడికి నువ్వే రావాల."

"మీ ఆయనున్నాడు గదే."

"ఆయనా? నాకంటే ముందు పడిపోతాడు."

ఏడుస్తూనే ఇద్దరూ నవ్వారు. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

నా ఇల్లు నిలిచింది ఆవిడ వల్లే. అయినా అసూయ పోలేదు. ఆపరేషనయ్యి, కుట్లు మాని వెంట్రుకలు వచ్చాక, మచ్చకు దువ్వెన తగిలితే నా భార్య ఓర్చుకోలేకపోయేది. రోజూ సాయంత్రం నర్సమ్మ వచ్చి, కొట్పాడ్ నేత తువ్వాలు ఆమె భుజాల మీద కప్పి, మచ్చకు ఎడంగా పక్కపాపిడి తీసేది. నేను దువ్వుతానంటే, "ఉండండి బావూ, మీది పంపులు తిప్పిన సెయ్యి" అనేది. మునిసిపాలిటీలో నీళ్ల పంపుల దగ్గర పనిచేశాను లెండి.

ఆవిడను సమాధి చేసి వచ్చిన సాయంత్రం నా భార్య వెనక గుమ్మంలో కూర్చుంది. తువ్వాలు తనే కప్పుకుంది. వెనక్కి తిరక్కుండా దువ్వెన నా వైపు చాపింది. ఊపిరి బిగబట్టి దువ్వాను. మచ్చకు తగల్లేదు.

"అక్క ఇలాగ తియ్యదు" అంది.

తన కళ్లు వెనక వీధి మలుపు మీదే ఉన్నాయి. పాపిడి చెరిపి మళ్లీ మొదలుపెట్టాను.