చెయ్యి అందే ఎత్తు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎంత పెద్దమనిషి వచ్చినా తల వంచాల్సిన జాగా ఒక్కటి ఉండె. దేవుని అర్ర కాదు. పెరట్ల బాయి పక్కన మా తాత కట్టుకున్న కొట్టం. దాని దర్వాజ పదేండ్ల పిల్ల నెత్తికి జర మీద ఉంటుండె, అంతే. మా బాపు ఎన్నిసార్లు నుదురు కొట్టుకున్నడో లెక్కలేదు. కొట్టుకున్నప్పుడల్లా ఆ కొట్టాన్ని తిట్టేటోడు, లోపల కూసున్న తాత నవ్వేటోడు. తాతకు మాత్రం ఎన్నడూ తగలలే. ఆయన నిలబడితేనే నా అంత ఉండె.

పుట్టుకతోని గట్ల లేడు. పెండ్లినాటికి ఊర్లె అందరికంటె పొడుగు మనిషి అని మా అవ్వ చెప్తుండె. మాది నల్గొండ దిక్కు, బట్టలు నేసేటోళ్ల ఊరు. మా బాయి నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నదని మాకు చానా ఆలస్యంగ తెలిసింది. తెలిసినంక గూడ అవే తాగినం, వేరే నీళ్లు ఎవలిచ్చిన్రు మాకు? తాతకు నలభై దాటినంక ముందుగాల నడుము పట్టింది, తర్వాత మెడ, ఆ తర్వాత భుజాలు. నాకు బుద్ధి తెలిసేనాటికి ఆయన మొఖం ఎప్పుడూ భూమి దిక్కే. చేతులు రొమ్ము దాటి మీదికి లేవకపోయేటివి. ఆకాశం చూడాలంటే మంచం మీద పక్కకు ఒరిగి చూడాలె. మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసునుడు ఇంక కాదని తేలినంక, బాపు కొత్త మగ్గం ఏసుకున్నడు. తాత తన పాత మగ్గం విప్పి, ఆ కట్టెలతోని పెరట్ల కొట్టం ఏసుకున్నడు.

అబ్బ, ఏం కొట్టమది! గిప్పుడు చెప్తాంటే గూడ ఆ వాసన ముక్కుకు తగుల్తాంది. ఎండిన బీరకాయలు, బూడిద, తడిమట్టి, తాత తాగే చుట్ట. మీద గడ్డికప్పు. మగ్గం గుంజలకే మోకాలెత్తున ఒక వరుస మేకులు, నడుమెత్తున ఇంకో వరుస. గడ్డి తీసే ఖుర్పి ఒకదానికి, కొడవలి ఒకదానికి, నారతాడు ఒకదానికి. మెడ తిప్పి ఎతికేది ఆయనకు చాతకాదు, చెయ్యి పెడితే దొరకాలె. విత్తనాలను బూడిదల కలిపి, పాత చీర పేలికలల్ల మూటలు కట్టి కింది వరుసకు యాలాడేసేటోడు. మూటకు ఒక ముడి ఉంటే బీర, రెండుంటే సొర, మూడుంటే చిక్కుడు. జిందగీ అంతా దారాలు ముడేసిన చెయ్యి గదా, చూడకుండనే వేలితోని తడిమి చెప్పేటోడు. వాన పడితే నేనూ తాతా అండ్లనే కూసుంటుంటిమి. ఉల్లిగడ్డ కొరుక్కుంట జొన్నరొట్టె తినుడు, గడ్డి మీద పడే వాన చప్పుడు వినుడు. నాకు అంతకంటె సుఖం మల్ల యాడా దొరకలే, అబద్ధం ఎందుకు చెప్పాలె.

ఇంట్ల ఉంటే తాత ప్రతిదానికీ ఎవల్నో ఒకల్ని పిలవాలె. దండెం మీది ధోతి కావాలన్నా, గూట్ల అగ్గిపెట్టె కావాలన్నా. పిలిచినప్పుడు ఆయన గొంతు చిన్నగైపోయేది. కొట్టంల ఎవల్నీ పిలిచే అక్కర లేకుండె. నీళ్లు నేను చేదిపోస్తే, మడులకు తిప్పుకునుడు, గడ్డి తీసుడు, విత్తులు పెట్టుడు అంతా ఆయనే. ఇంటిల్లిపాది తినే కూర ఆ వంగిపోయిన మనిషి చేతుల మీద నుంచే వచ్చేది.

బాపుకు మాత్రం భయం. తాత ఎముకలు సుద్దముక్కల లెక్క అయినయి, పడితే విరుగుడే అని దవాఖానల డాక్టర్ చెప్పిండు. అప్పటిసంది బాపు ఒకటే మాట. "నాయినా, ఒక్కసారి పడ్డవంటే చాలు, గీ కొట్టం పీకేస్త. మంచం మీద కూసో, నేను సూసుకుంట." మా బాపు చెడ్డోడు కాదు, పాణం గుంజి అన్న మాటే అది. ఆనాటి నుంచి తాత ఇంకా మెల్లగ నడిచేటోడు, గడప ముందట కట్టెతోని రెండుసార్లు తట్టి చూసుకొని అడుగేసేటోడు. ఆ కొట్టం పోతే తనకు మంచమే మిగుల్తదని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. తెలిసి గూడ చేసిన నేను ఆ పని.

ఒక ఎండకాలం తాతకు జరమొచ్చి మూడు దినాలు లేవలే. బడికి సెలవులు, నాకు పొద్దు పోతలేదు. తాత లేచేసరికి కొట్టాన్ని అద్దం లెక్క చేసి చూపియ్యాలె అనుకున్న. ఊడ్చిన, అలికిన, ముగ్గు గూడ ఏసిన. అంతటితోని ఆగితే ఏ ఫికరూ లేకపోయేది. కింద యాలాడే సామాన్లు నాకు పాత గుడ్డల కుప్ప లెక్క కొట్టినయి. అవ్వ రోలు దొర్లించుకొచ్చి, దాని మీదెక్కి, గుంజల మీది కొసలకు రాయితోని కొత్త మేకులు కొట్టి, ఖుర్పి కొడవలి అన్ని మీదికి తగిలిచ్చిన, పెద్ద పెద్ద ఇండ్లల్ల ఉన్నట్టు. మూటలన్నీ విప్పి, విత్తనాలు సీసాలల్ల పోసి, అటక పలక మీద వరుసగ పెట్టిన. పేలికలు పొయ్యిల ఏసిన. ఏం తెలివి నాది! మా పెద్దలు చూసి ముక్కు మీద వేలేసుకుంటరని లోపల్లోపల ఒకటే మురిసిన.

నాలుగోనాడు పొద్దుగాల తాత లేచిండు. నేను ముందుగాలనే ఉరికి, కొట్టం ఎనుక తడక సందుల నుంచి చూసుకుంట నిలబడ్డ. ఆయన సంబురపడుడు చూడాలె గదా. లోపలికొచ్చిండు, అలికిన నేల చూసిండు, మొఖం ఇంత ఎలుగైంది. ఆ తర్వాత ఖుర్పి కోసం చెయ్యి పెట్టిండు. ఉత్త మేకు. పక్కది తడిమిండు. అదీ ఉత్తదే. కింది వరుస కాడికి వంగి మూటల కోసం తడిమిండు. నేను గప్పుడన్నా నోరు తెరవాలె. తెరవలే. మురిపెమంతా యాడికో పాయె.

ఆయన పిలుస్తడనుకున్న. పిలవలే. పిలిస్తే బాపు వస్తడు, చూస్తడు, ఇంక నీకు చాతకాదు నాయినా అంటడు. ముందటింట్ల బాపు మగ్గం టకటక నడుస్తనే ఉన్నది. తాత కట్టెతోని గుంజను మీదికి తడుముకుంట పోయిండు, ఖుర్పి టంగుమన్నది గని మేకు నుంచి ఊడి రాలే. తను కూసునే జానెడు పీటను కాలితోని జరుపుకున్నడు. దాని మీదికెక్కిండు. చెయ్యి లేవని మనిషి, మొఖం ఎత్తలేని మనిషి, గుంజ దిక్కు చూడకుండనే కట్టె మీదికి చాపిండు. పీట కదిలింది.

అంత పెద్ద చప్పుడేం కాలే. అందుకే బాపుకు ఇనపడలే. మగ్గం నడుస్తనే ఉండె. నేను తడక పట్టుకొని ఎంతసేపు నిలబడ్డనో నాకు తెల్వది. దగ్గరనే ఉండి గూడ గంతసేపు నిలబడ్డ. దానికి నా మీద నాకున్న కోపం ఇంకా సల్లారలే.

బాపు వచ్చి చూసేసరికి తాత తుంటి విరిగి ఉన్నది. ఎత్తి మంచం మీద ఏసినంక బాపు కండ్లు ఆ మీది మేకుల మీద పడ్డయి. గివి ఎవలు కొట్టిన్రు అని అరిచిండు. నేను అవ్వ కొంగు ఎనుక దాక్కున్న. నొప్పికి పండ్లు కొరుక్కుంటనే తాత చెప్పిండు, "నేనే బిడ్డతోని కొట్టిచ్చిన. కింద ఎలుకలు కొరుకుతున్నయి." నీ చెయ్యి అందని కాడ కొట్టిచ్చుకున్నవా, మతి ఉండే చేసినవా అని బాపు మొత్తుకున్నడు.

"అందదని మర్చిపోయిన" అన్నడు తాత.

తెల్లారి బాపు కొట్టం పీకేసిండు. కప్పు గడ్డి బర్రెకేసిండు. మగ్గం గుంజలు ఆ వానకాలమంతా మా పొయ్యిల కాలినయి. తాత మల్ల లేవలే.

మంచం మీద నుంచి ఆయన అడిగింది ఒక్కటే, పగిలిన కుండల ఇంత మట్టి, నాలుగు చిక్కుడు గింజలు. మంచాన్ని వసారాల ఏయించుకున్నడు, కుండను తలకాడ పెట్టిచ్చుకున్నడు. ఖుర్పి తగిలియ్యడానికి గోడకు ఒక మేకు కొట్టుమన్నడు. యాడ కొట్టాలె తాతా అని అడిగిన. నా చెయ్యి గోడ మీద పెట్టుమని, తన చెయ్యి చాపి చూసుకున్నడు. "జర కిందికి" అన్నడు. జరిపిన. "ఇంక జర కిందికి." ఆయన వేళ్లు నా వేళ్లకు తగిలిన కాడ మేకు కొట్టిన. గప్పుడన్నడు, కోపం లేకుండ, "ముందుగాల అడగాలె బిడ్డా. నా చెయ్యి యాడిదాక వస్తదో నన్ను అడగాలె." కొట్టం ముచ్చట ఆయన నాతోని మాట్లాడింది అదొక్కసారే.

తర్వాత నాకు ముడులు నేర్పిండు. సీసాలల్ల గింజలన్నీ మల్ల పేలికలల్ల కట్టిచ్చిండు, కండ్లు మూసుకొని చెప్పుమనేటోడు. నెలకొకసారి మేకు పీకి, అడిగి, ఇంకా కిందికి కొడుతుంటి. వానలు ఎనకకు పట్టేనాటికి అది మంచం పట్టెకాడికి వచ్చింది. చలికాలం వచ్చేసరికి మేకు అక్కరే లేకపాయె, ఖుర్పి ఆయన చేతులనే పెడుతుంటి. చిక్కుడు తీగ మంచం కోడు పట్టుకొని పాకి వసారా చూరు దాటింది. పక్కకు ఒరిగి పండుకున్నోడు గనుక దాన్ని ఆకాశం దాక చూసిండు. పూత మీదున్నప్పుడే పోయిండు.

బాపు పోయేదాక తాతను మొండి ముసలోడు, ఎవలి మాటా ఇనకపాయె అనే చెప్పుకున్నడు. వచ్చినోళ్లకు చెప్పేటోడు, పోయినోళ్లకు చెప్పేటోడు, ఆ మీది మేకుల ముచ్చట నా కొడుక్కు గూడ చెప్పిండు. చెప్పి కండ్లు తుడుసుకునేటోడు. నేను పక్కనే ఉండి ఇనుకుంట ఊకున్న.

తెలంగాణ వచ్చినంక మా ఇంటి నల్లాలకు నది నీళ్లు వచ్చినయి. నా పండ్ల మీది గోధుమరంగు చారలు మాత్రం అట్లనే ఉన్నయి, భుజాలు గూడ ఇప్పుడు మాట వింటలేవు. మొన్న నా కొడుకు నల్గొండల ఇంటెనుక నా మొక్కల సామాన్ల కోసం రేకుల షెడ్డు ఏయించిండు. పనాయన మేకులు ఎంత ఎత్తున కొట్టాలని అడిగితే, నా కొడుకు తన భుజం కాడ చెయ్యి పెట్టి చూపిచ్చిండు. నేను పోయి గోడ మీద నా చెయ్యి పెట్టిన. ఇంక జర కిందికి అన్న. ఇంక జర.

"గంత కిందనా అమ్మా? నేనైతే వంగాలె గదా" అన్నడు నా కొడుకు. వంగు బిడ్డా అన్న. మా బాపుకు చెప్పాల్సిన మాట, ఆయన మనుమనికి గప్పుడు చెప్పిన. "ఆ మీది మేకులు మా తాత కొట్టియ్యలే. నేనే కొట్టిన."